కృత్రిమ కాలి బీమా: అమెరికాలో కె-స్థాయిల చరిత్ర

అమెరికాలో కాలు పోగొట్టుకున్న మనిషికి బీమా ఎలాంటి కృత్రిమ కాలు ఇప్పిస్తుందన్నది, ఆ మనిషి ఇకముందు ఎంతవరకు నడవగలడన్న అంచనా మీద ఆధారపడుతుంది. వృద్ధులకు, వైకల్యం ఉన్నవారికి అక్కడి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్. అది 1995లో ఈ అంచనాను కె0 నుంచి కె4 వరకు ఐదు స్థాయిలుగా విడగొట్టింది. కాలు అమర్చినా నడకకు ఉపయోగం లేదనుకుంటే కె0. ఇంట్లో చదునైన నేల మీద ఒకే వేగంతో నడిచేవారు కె1, మెట్లు, ఎగుడుదిగుడు నేల లాంటి చిన్న అడ్డంకులు దాటగలవారు కె2, వేగం మార్చుకుంటూ బయట తిరిగేవారు కె3. పిల్లలు, క్రీడాకారులు కె4లోకి వస్తారు. ప్రైవేటు బీమా కంపెనీలు కూడా చాలావరకు ఇదే కొలత పట్టుకున్నాయి. వైకల్య ధ్రువపత్రం కోసం వెళ్లే మన సదరం శిబిరంలో వైకల్యం ఎంత శాతమో చూస్తారు; మెడికేర్ ఎంత నడక తిరిగి వస్తుందో అడుగుతుంది. అడగాల్సిన ప్రశ్న అదే. చిక్కల్లా జవాబు తేల్చే పద్ధతిలో ఉంది.

నిబంధన ప్రకారం రోగి గత చరిత్ర, మిగిలిన కాలి పరిస్థితి, ఇతర జబ్బులు, నడవాలన్న కోరిక, ఇవన్నీ చూసి డాక్టరూ కాలు అమర్చే నిపుణుడూ స్థాయి నిర్ణయించాలి. ఈ కొలత రాసేనాటికి కంప్యూటర్ మోకాళ్లు ఇంకా అంతగా వాడుకలోకి రాలేదు. జర్మనీకి చెందిన ఒట్టోబాక్ కంపెనీ 1997లో సి-లెగ్ తెచ్చింది. అందులోని సెన్సర్లు సెకనుకు 50 సార్లు కాలి స్థితిని చదివి, మోకాలు ఎంత బిగుసుకోవాలో ఎంత వదులవ్వాలో సరిచేస్తాయి. తడబడినప్పుడు మోకాలు ఒక్కసారిగా మడత పడదు. అయితే మెడికేర్ వీటిని 2024 వరకు కె3, ఆపై స్థాయులవారికే పరిమితం చేసింది. కె2 మనిషికి దక్కింది మామూలు యాంత్రిక మోకాలే. అది ఎక్కడ మడత పడుతుందోనన్న భయంతో అతను ఆచితూచి, ఒకే వేగంతో నడిచేవాడు. ఆ నడకే అతను కె2 అనడానికి రుజువయ్యేది. అంటే స్థాయిని బట్టి కాలు ఇస్తున్నామనుకుంటూ, ఇచ్చిన కాలితోనే స్థాయిని ఖాయం చేశారు. కె2 వారికి కంప్యూటర్ మోకాలు అమర్చి చూసిన 2009 నాటి హాఫ్నర్, స్మిత్‌ల అధ్యయనంలో వాలు దిగే నడక మెరుగుపడింది, పడిపోవడాలు తగ్గాయి.

ప్రజల సొమ్ముకు లెక్క ఉండొద్దా అన్న ఆక్షేపణ తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. 2005-2009 మధ్య కృత్రిమ కాళ్లు పొందినవారి సంఖ్య 2.5 శాతం తగ్గినా, మెడికేర్ ఖర్చు 27 శాతం పెరిగిందని ప్రభుత్వ తనిఖీ విభాగం 2011లో చూపింది. రోగిని చూసిన దాఖలా లేని డాక్టర్ల పేరుతోనూ బిల్లులు వెళ్లాయి. కానీ అది బిల్లుల తనిఖీలో ఉన్న లోపం. దానికి మందు స్థాయిని సరిగ్గా కొలవడమే గాని, గీత ఇంకా పైకి జరపడం కాదు. 2002లో గైలీ బృందం ప్రకటించిన పరీక్ష అందుకు పనికొస్తుంది: కుర్చీలోంచి లేవడం, నేల మీది వస్తువు తీయడం, అడ్డంకి దాటడం లాంటివి చేయించి మార్కులు వేస్తారు. కాలు అమర్చకముందు కూడా ఈ పరీక్ష పెట్టవచ్చు కాబట్టి, చవక కాలు చేసిన నష్టం లెక్కలోకి రాదు. 2015లో మాత్రం మెడికేర్ కాంట్రాక్టర్లు ఎదురుదారి పట్టి, కర్ర, వాకర్ వాడేవారిని దిగువ స్థాయికి నెట్టే ముసాయిదా తెచ్చారు. కాళ్లు కోల్పోయినవారు రోడ్డెక్కాక దాన్ని పక్కన పెట్టారు.

2024 సెప్టెంబరు నుంచి కె2 వారికి కూడా, మేలు జరుగుతుందని వైద్య రికార్డు చూపితే, కంప్యూటర్ మోకాలు వర్తిస్తోంది. కె1 వారు ఈ సవరణకు బయటే ఉన్నారు. ఇంట్లోనే తిరిగే వృద్ధుడికి పడే ప్రమాదం తక్కువేమీ కాదు కాబట్టి, కె2 విషయంలో ఒప్పుకున్న వాదన వారికీ చెల్లుతుంది.