యూదుల వేసవి అధ్యయన శిబిరాలు, తెలుగు యూదులు

యూదుల వేసవి అధ్యయన శిబిరం అంటే, ఊరికొకటి రెండుగా చెదిరి బతికే యూదు కుటుంబాలు ఎండాకాలంలో ఒక కొండ ప్రాంతానికి చేరి, కొన్ని రోజులు కలిసి ఉండి, తోరా (మోషే ధర్మశాస్త్రం), తల్మూదు (దాని మీద రబ్బీల చర్చల సంకలనం), యూదు చరిత్ర చదువుకొనే సమావేశం. ఇవి ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో బాగా వేళ్లూనుకున్నాయి. వీటిలో కొన్నిటికి క్రైస్తవులూ ఇతర మతాలవారూ వచ్చి కూర్చోవడంతో, అవి మతాల మధ్య స్నేహానికీ వేదికలయ్యాయి. తెలుగునాట యూదు అధ్యయనం కొండల మీద కాక గుంటూరు జిల్లాలోని ఒక చిన్న పల్లెలో సాగుతోంది. కానీ ఆ శిబిరాలకు కారణమైన అవసరమే ఈ పల్లెకూ ఉంది కాబట్టి రెంటినీ కలిపి చూడాలి.

యూదు మతంలో చదువు ఒంటరి వ్యాసంగం కాదు. సామూహిక ప్రార్థనకూ, తోరా చుట్టను తెరిచి బహిరంగంగా చదవడానికీ పదిమంది వయోజనులు ఉండాలి. సనాతన సంప్రదాయంలో ఆ పదిమందీ పురుషులే. సంస్కరణవాదులు స్త్రీలనూ లెక్కలోకి తీసుకుంటారు. ఊళ్లో ఉన్నవి మూడు ఇళ్లే అయితే ఈ సంఖ్య ఎప్పటికీ నిండదు. రబ్బీని, అంటే మతగురువును, పోషించే శక్తీ ఉండదు. పిల్లలు హీబ్రూ అక్షరాలు నేర్వకుండానే పెద్దవాళ్లవుతారు. ఏడాదికొకసారి అందరూ ఒకచోట చేరడం ఇలాంటి వాళ్లకు వేడుక కోసం కాదు. అది లేకపోతే సంప్రదాయం ఒకటి రెండు తరాల్లో జారిపోతుంది.

వేసవినే, కొండలనే ఎంచుకోవడానికి కారణాలు ఉన్నాయి. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఎండ తీవ్రం. ఏసీలు రాకముందు స్తోమత ఉన్నవాళ్లంతా ఉత్తర కరోలినా కొండలకు తరలేవారు. అయితే ఆ రోజుల్లో చాలా విడిది హోటళ్లు యూదులను లోపలికి రానిచ్చేవి కావు. కాబట్టి తమదంటూ ఒక కొండ చోటు ఉండటం వాళ్లకు ఆత్మగౌరవానికి సంబంధించిన విషయం కూడా. 1874లో న్యూయార్క్ రాష్ట్రంలో మెథడిస్టులు మొదలుపెట్టిన షటాక్వా వేసవి విద్యా సభలు ఒక నమూనా చూపించాయి. దాన్ని చూసి రబ్బీ హెన్రీ బెర్కోవిట్జ్ 1893లో జ్యూయిష్ షటాక్వా సొసైటీని స్థాపించాడు. అంటే యూదుల వేసవి చదువుకు తొలి మాతృక క్రైస్తవులదే.

వైల్డ్‌ఏకర్స్

ఈ కోవలో తప్పక చెప్పవలసింది ఉత్తర కరోలినాలో బ్లూ రిడ్జ్ కొండల మీద, లిటిల్ స్విట్జర్లాండ్ అనే ఊరి దగ్గరున్న వైల్డ్‌ఏకర్స్. ఎత్తు సుమారు 3,300 అడుగులు, విస్తీర్ణం సుమారు 1,600 ఎకరాలు. దీన్ని 1920ల్లో కళాకారుల విడిదిగా కట్టించింది థామస్ డిక్సన్. తెల్లజాతి ఆధిపత్యవాద సంస్థ కూ క్లక్స్ క్లాన్‌ను కీర్తిస్తూ 'ది క్లాన్స్‌మన్' నవల రాసినవాడు ఇతనే. 1915 నాటి 'బర్త్ ఆఫ్ ఎ నేషన్' సినిమాకు ఆధారం ఆ నవలే. నల్లజాతివారి మీద విషం చిమ్మిన ఆ కథ, ఆరిపోయిన క్లాన్‌కు మళ్లీ ప్రాణం పోసింది. మళ్లీ లేచిన క్లాన్ యూదులనూ కాథలిక్కులనూ కూడా శత్రువులుగా ప్రకటించింది. తర్వాత వచ్చిన ఆర్థిక మాంద్యంలో డిక్సన్ దివాలా తీయగా, 1936లో షార్లెట్ నగరానికి చెందిన యూదు పారిశ్రామికవేత్త ఐ.డి. బ్లూమెంథాల్ ఆ స్థలాన్ని 6,500 డాలర్లకు కొన్నాడు. మనుషుల మధ్య సద్భావం పెంచడానికే దాన్ని అంకితం చేశాడు. ద్వేషాన్ని నవలగా రాసినవాడి చేతిలోంచి ఆ కొండ ఇలా బయటపడటం ఈ చరిత్రలో అన్నిటికంటే విలువైన ఘట్టమని ఈ వ్యాసకర్త నమ్మకం.

1940ల చివరి నుంచి బ్నై బ్రిత్ అనే యూదు సేవాసంఘం (స్థాపన 1843) అక్కడ యూదు అధ్యయన సదస్సులు జరిపింది. చిన్న ఊళ్లలో దుకాణాలు నడుపుకొనే కుటుంబాలవాళ్లు పండితుల దగ్గర కూర్చొని చదువుకున్నారు. క్రైస్తవ సంఘాలకూ ఇతర బృందాలకూ ఆ తలుపులు తెరిచే ఉన్నాయి. కొండ దాకా రాలేనివాళ్ల కోసం 1950ల్లో ఉత్తర కరోలినాలో ఒక సంచార రబ్బీని నియమించారు. ఒక బస్సునే సమాజమందిరంగా మార్చి ఊరూరా తిప్పారు.

భారతదేశపు కొండల్లోనూ ఇలాంటి ఒక సమావేశం జరిగింది. 1990 అక్టోబరులో జల్మన్ షాక్టర్ షలోమీ, ఇర్వింగ్ గ్రీన్‌బర్గ్ వంటి రబ్బీలు ధర్మశాల వెళ్లి దలైలామాతో చర్చలు జరిపారు. దేశం కోల్పోయిన జాతి వేల ఏళ్లు తన ధర్మాన్ని ఎలా నిలుపుకుందో తెలుసుకోవాలన్నది దలైలామా కోరిక. టిబెట్ శరణార్థులకు అది ప్రాణావసరమైన ప్రశ్న. ఆ రబ్బీలతో వెళ్లిన కవి రాజర్ కామెనెట్జ్ ఆ అనుభవాన్ని 1994లో 'ది జ్యూ ఇన్ ది లోటస్' అనే పుస్తకంగా వెలువరించాడు.

తెలుగునాట

యూదుల పండుగలు తెలుగువారికి బైబిలు ద్వారా పరిచయం. పస్కా, పర్ణశాలల పండుగ, విశ్రాంతి దినం అన్న మాటలు క్రైస్తవ ఇళ్లలో వాడుకలో ఉన్నాయి. సువార్తికుడు భక్త సింగ్ 1941లో సహచరులతో మద్రాసు దగ్గరి పల్లావరం కొండ మీద రాత్రంతా ప్రార్థనలో గడిపి, ఆ ఏడాదే పరిశుద్ధ సమాజకూటాలకు శ్రీకారం చుట్టాడు. లేవీయకాండం 23వ అధ్యాయంలోని పండుగ కూడికలే వాటికి ప్రేరణ. వేలమంది రోజుల తరబడి ఒకచోట వండుకొని, తిని, వాక్యం వినే ఆ పద్ధతి 1950 నుంచి హైదరాబాదులోని హెబ్రోనులో స్థిరపడింది. ఇది క్రైస్తవ ఆరాధనే అయినా, మోషే ధర్మశాస్త్రంలోని సామూహిక విడిది తెలుగు నేల మీద ఎంత సహజంగా ఒదిగిందో చూపిస్తుంది.

యూదు మతాన్నే నేరుగా స్వీకరించినవారు బెనే ఎఫ్రాయిం. వీరి కేంద్రం గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెం. చతుర్ముఖ బ్రహ్మ ఆలయంతో పేరొందిన చేబ్రోలు పక్కనే ఇలాంటి సమాజం ఉందని తెలుగువారిలోనే చాలామందికి తెలియదు. వీరు మాదిగ కులంలో పుట్టినవారు; ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. పూర్వం వీరి పెద్దలు బాప్టిస్టు సంఘాల్లో చేరారు. 1878 కరువు కాలంలో ఒంగోలు ప్రాంతంలో మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో వేల సంఖ్యలో బాప్తిస్మం పొందినవారిలో మాదిగలే అధికం.

ఈ సమాజానికి నాయకత్వం వహించినవారు షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే సోదరులు. బోధకుడిగా ఉన్న షమూయేల్ 1980ల్లో ఇశ్రాయేలు చూసి వచ్చి యూదు మతం వైపు మళ్లాడు. తాము ఇశ్రాయేలు తప్పిపోయిన గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము సంతతి అని వీరి విశ్వాసం. చనిపోయినవారిని పూడ్చిపెట్టడం, గొడ్డుమాంసం తినడం వంటి మాదిగ ఆచారాలను వీరు ఆ పూర్వపు జాడలుగా చూపిస్తారు. షమూయేల్ ఈ వాదాన్ని 2002లో 'ది కల్చరల్ హెర్మెన్యూటిక్స్' అనే గ్రంథంగా తెచ్చాడు. ఊరు ఏ ఆచారాలను చూపించి వెలివేసిందో, వాటినే వంశగౌరవానికి రుజువుగా నిలబెట్టడంలో గొప్ప ధైర్యం ఉంది. చరిత్ర ఆధారాల సంగతి పండితులు తేలుస్తారు. ఆ ధైర్యాన్ని మాత్రం తక్కువ చేయకూడదు.

1991లో ఇక్కడ సమాజమందిరం వెలిసింది. శనివారం పని మానుకొని అక్కడ చేరతారు. ప్రార్థనలు కొన్ని హీబ్రూలో, కొన్ని తెలుగులో నడుస్తాయి. వీరి చదువు బయటి నుంచి వచ్చే గురువుల మీద ఆధారపడింది. చెదిరిన యూదు సమాజాలకు తోడ్పడే అమెరికన్ సంస్థ కులాను తరఫున రబ్బీ గెరాల్డ్ సస్మన్, బోనిటా సస్మన్ దంపతులు 2000ల్లో వచ్చి పాఠాలు చెప్పారు. వైల్డ్‌ఏకర్స్‌లో విద్యార్థులు కొండెక్కి గురువుల దగ్గరికి వెళ్లారు. ఇక్కడ కూలికి వెళ్తేనే పూట గడిచే మనుషులు ఊరు వదలలేరు కాబట్టి గురువులే సముద్రాలు దాటి రావాలి. ఈ సమాజం మీద లోతైన పరిశోధన యూలియా ఎగరోవా, షాహిద్ పర్వేజ్ రాసిన 'ది జ్యూస్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్' (ఆక్స్‌ఫర్డ్, 2013).

ఇలాగే తాము తప్పిపోయిన గోత్రమని నమ్మే ఈశాన్య రాష్ట్రాలలోని బ్నై మెనాషే సమాజాన్ని 2005లో ఇశ్రాయేలు ప్రధాన రబ్బీ ష్లోమో అమార్ ఇశ్రాయేలు సంతతిగా గుర్తించాడు. ఆ తర్వాత వారిలో వేలమంది వలస వెళ్లారు. బెనే ఎఫ్రాయింకు అలాంటి గుర్తింపు దక్కలేదు. స్వదేశపు చట్టంలోనూ చిక్కు ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు మాత్రమే వర్తిస్తుంది. యూదులమని కాగితం మీద రాయించుకున్న మాదిగ కుటుంబం రిజర్వేషన్‌ను వదులుకోవలసి వస్తుంది.