పేరు తెలియని రక్తం

యుద్ధాల గురించి రాసేవాళ్ళు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో ల్యాబ్ డ్యూటీ చేసినవాణ్ణి. కాబట్టి రక్తం ట్యూబుల చరిత్ర నాలుగు మాటలు రాస్తాను.

1990 ప్రాంతంలో మేము పని నేర్చుకున్నప్పుడు రక్తకణాలు లెక్కపెట్టే పైపెట్‌కి సన్నని రబ్బరు గొట్టం ఉండేది. దాని చివర నోట్లో పెట్టుకుని రక్తాన్ని 0.5 గీత దాకా పీల్చాలి. ఎర్రపూస పైపెట్ ఎర్రకణాలకు, తెల్లపూసది తెల్లకణాలకు. గీత దాటితే ఉస్తాద్ తిట్లు. నోట్లోకి వస్తే పుక్కిలించి ఉమ్మేసి మళ్ళీ పనిలో పడేవాళ్ళం. ఒక సీనియర్ హవల్దారు కామెర్లతో రెండు నెలలు మంచాన పడ్డాడు. పైపెట్ వల్లనో, నీళ్ళ వల్లనో ఎవరూ తేల్చలేదు.

కామెర్లంటే మన ఢిల్లీకి పెద్ద చరిత్రే ఉంది. 1955 చివర్లో నజఫ్‌గఢ్ నాలా మురుగు యమునలో వజీరాబాద్ దగ్గర తాగునీరు తోడే చోటికి చేరింది. డిసెంబరు, జనవరి నెలల్లో 29 వేల మందికి పైగా కామెర్లు వచ్చాయి. ఆ రోజుల్లో అందరికీ తెలిసిన కామెర్లే అనుకున్నారు. అప్పటి రోగుల సీరం కొంత దాచి ఉంచారు. 1980లో దాన్ని పరీక్షిస్తే హెపటైటిస్ ఎ కాదు, బి కాదు అని తేలింది. తర్వాత దానికి హెపటైటిస్ ఇ అని పేరు పెట్టారు. అంటే పాతికేళ్ళపాటు ఆ సీసాలు ముట్టుకున్నవాళ్ళకి లోపల ఏముందో తెలియదు! అది ముఖ్యంగా నీటి ద్వారా వచ్చే జబ్బు కాబట్టి సరిపోయింది.

జర్మనీలో అలా సరిపోలేదు. 1967లో మార్‌బుర్గ్, ఫ్రాంక్‌ఫర్ట్, యుగోస్లావియాలోని బెల్‌గ్రేడ్ ఊళ్ళలో 31 మందికి ముక్కూమొహం తెలియని జ్వరం వచ్చింది. ఏడుగురు చనిపోయారు. ఎక్కువమంది ఉగాండా కోతుల రక్తం, అవయవాలతో ల్యాబుల్లో పనిచేసినవాళ్ళే. ఆ వైరస్‌కి మార్‌బుర్గ్ పేరే పెట్టారు. మన సిలిగురిలో 2001లో వచ్చిన జ్వరం చాలామందికి ఆసుపత్రిలోనే అంటుకుంది. అది నిపా అని దాచిన నమూనాల వల్ల తర్వాతే తెలిసింది.

మన దేశంలో హెచ్‌ఐవీ 1986లో మద్రాసులో బయటపడింది. మరుసటి ఏడాది అమెరికా సి.డి.సి. ఏ రోగి రక్తాన్నైనా వైరస్ ఉన్నట్టే చూడాలని చెప్పింది. ఆ మాట మా బెంచి దాకా రావడానికి కొన్నేళ్ళు పట్టింది. హెచ్‌ఐవీ అంటే మేము హడలిపోయేవాళ్ళం గానీ, రోగికి వాడిన సూది గుచ్చుకుంటే అది అంటుకునేది వెయ్యిలో మూడుసార్లే. టీకా లేనివాళ్ళకు హెపటైటిస్ బి వందలో ఆరు నుంచి ముప్ఫైసార్లు అంటుకుంటుంది. దాన్ని మేము లెక్కే చెయ్యలేదు.

చివరికి నోటికి బదులు రబ్బరు బల్బులు వచ్చాయి. ఉస్తాద్ చూసి, “ఇక పిల్లలు పాలసీసాతో తాగుతారు” అని నవ్వాడు. ఆయన మాత్రం రిటైర్ అయ్యేదాకా నోటితోనే పీల్చాడు.