పాట ఎవరిది?

కొన్నాళ్ల క్రితం ఒక సాహిత్య పాఠశాలలో రచనకూ సమాజానికీ ఉన్న సంబంధం గురించి మాట్లాడాను. చివర ఒక విద్యార్థిని లేచి, "రచనను సమాజమే రాయిస్తుందని మీరంటున్నారు. అలాంటప్పుడు కింద రచయిత పేరెందుకు వేస్తున్నాం?" అని అడిగింది. ఆ రోజు నేనిచ్చిన సమాధానం నాకే తృప్తి కలిగించలేదు. దాన్ని సరిచేసుకోవడానికి సాహిత్యం నుంచి కాస్త పక్కకు జరిగి, రికార్డింగు గది చరిత్ర చదివాను. కవి గదిలో ఏం జరిగిందో మనకు తెలియదు. రికార్డింగు గదిలో ఎవరు ఏ రోజున ఏం చేశారో చాలావరకు నమోదై ఉంది.

ముందుగా ఒక మాట స్పష్టం చేసుకోవాలి. మన సినిమా పరిభాషలో నిర్మాత అంటే డబ్బు పెట్టేవాడు. రికార్డుల రంగంలో ప్రొడ్యూసర్ వేరు. పాట ఏ వేగంలో నడవాలి, ఏ వాద్యాలు కావాలి, పాడినవాటిలో ఏది ఉంచాలి అన్నవి గాయకులతో కలిసి తేల్చే మనిషి అతను. డబ్బు కంపెనీది, శ్రమ అతనిది.

జార్జ్ మార్టిన్ (1926-2016) అలాంటి మనిషి. లండన్‌లో ఒక వడ్రంగి కొడుకు. గిల్డ్‌హాల్ సంగీత విద్యాలయంలో చదివి, 1950లో ఇ.ఎం.ఐ. కంపెనీవారి పార్లోఫోన్ శాఖలో చేరి, 1955లో దానికి అధిపతి అయ్యాడు. పీటర్ సెల్లర్స్ వంటి హాస్యనటుల రికార్డులు తయారుచేశాడు. డెక్కా కంపెనీ కాదన్న నలుగురు లివర్‌పూల్ యువకులు 1962లో అతని దగ్గరకు వచ్చారు. వారే బీటిల్స్.

ఆ ఏడాది సెప్టెంబరులో వారు 'ప్లీజ్ ప్లీజ్ మీ' అనే పాట వినిపించారు. అది సాగదీసినట్టుంది, వేగం పెంచమన్నాడు మార్టిన్. పెంచారు. నవంబరు 26న రికార్డు చేసిన ఆ పాటతోనే వారి పేరు బ్రిటన్ అంతటా మోగింది. 1965లో 'యెస్టర్‌డే' పాటకు నాలుగు తంత్రీ వాద్యాలు చేర్చుదామన్నది మార్టిన్ ఆలోచన. పాట కట్టిన పాల్ మెకార్ట్నీ మొదట ఇష్టపడలేదు. తరువాత ఒప్పుకొని, స్వరాన్ని వణికించకుండా నిలకడగా వాయించాలని షరతు పెట్టాడు. ఈ పాట మెకార్ట్నీదని అందరికీ తెలుసు. కాని మనం వింటున్న ధ్వని ఆ ఇద్దరి వాదన నుంచి వచ్చింది.

1966 చివర జరిగింది ఇంకా గమనించదగినది. 'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్' పాటకు రెండు రూపాలు తయారయ్యాయి. ఒకటి నెమ్మదైనది. రెండవది వేగమైనది, పై శ్రుతిలో ఉన్నది. మొదటిదాని ఆరంభం, రెండవదాని ముగింపు నచ్చాయి, కలిపేయండి అన్నాడు జాన్ లెనన్. శ్రుతులూ వేగాలూ వేరైతే ఎలా కలుస్తాయి? టేపు వేగం మారిస్తే శ్రుతీ లయా రెండూ మారతాయి. మార్టిన్, ఇంజనీరు జెఫ్ ఎమెరిక్ ఆ సూత్రం పట్టుకొని రెండింటినీ ఒక చోటికి తెచ్చి అతికారు. కోరిక లెనన్‌ది. చేతులు ఆ ఇద్దరివి. శ్రద్ధగా వింటే తప్ప అతుకు మనకు వినపడదు.

ఇప్పుడు రికార్డు మీది చీటీ చూడండి. పాట కర్తలు లెనన్, మెకార్ట్నీ. పాట కర్తలకు దక్కే హక్కు మాటలకూ బాణీకీ సంబంధించినది మాత్రమే. మిగతాదంతా కూలి పని. మార్టిన్ పేరు ప్రొడ్యూసర్‌గా ఉంది కాని, ప్రపంచమంతా అమ్ముడుపోయిన బీటిల్స్ తొలి రికార్డుల మీద అతనికి వాటా లేదు. అప్పట్లో అతను నెల జీతగాడు. అందుకే 1965లో సహచరులతో కలిసి బయటికి వచ్చి సొంత సంస్థ పెట్టుకున్నాడు.

అతనికి కనీసం పేరుంది. అతని కింద పనిచేసినవారి సంగతేమిటి? 1966లో 'ఎలినార్ రిగ్బీ' పాటకు వాయించిన ఎనిమిది మంది తంత్రీ వాద్యకారుల పేర్లు అట్ట మీద లేవు. అదే అట్ట మీద తబలా వాయించిన అనిల్ భాగవత్ పేరు ఉంది. మరుసటి ఏడు 'వితిన్ యూ వితవుట్ యూ' పాటకు లండన్‌లోని భారతీయ కళాకారులు దిల్‌రుబా, తబలా, తంబురా వాయించారు. పాశ్చాత్య వయొలిన్లు ఆ దిల్‌రుబా గమకాన్ని అనుసరించేలా మార్టిన్ స్వరలిపి రాశాడు. అంటే దిల్‌రుబా వాద్యకారుల చేతివాటం అతని రచనకు నమూనా అయింది. 1967 నాటి అట్ట మీద ఆ భారతీయుల పేర్లు లేవు. అన్నా జోషి, అమృత్ గజ్జర్, బుద్ధదేవ్ కన్సారా, నట్వర్ సోనీ అని లోకానికి తెలియడానికి యాభై ఏళ్లు పట్టింది.

అయితే అసలు కర్త మార్టినే అందామా? అది కూడా పొరపాటే. అదే కాలంలో, అదే గదిలో అతను మరికొందరు గాయకుల రికార్డులు తయారుచేశాడు. అవీ బాగా అమ్ముడుపోయాయి. వాటిలో 'స్ట్రాబెరీ ఫీల్డ్స్' లేదు. అసాధ్యమైనది అడిగే లెనన్ లేకుండా ఆ అతుకు వేయాల్సిన అవసరమే రాదు. ఒక మేధావిని దించి మరొక మేధావిని ఎక్కించడం విమర్శ కాదు.

అభ్యుదయ విమర్శకులమైన మనం దీనికి ఎదురు పొరపాటు చేస్తుంటాం. వ్యక్తిని తోసిపుచ్చి "పరిస్థితులే సృష్టించాయి" అనేస్తాం. పరిస్థితులు టేపు కత్తిరించవు. ఫలానా పనివాడు కత్తిరిస్తాడు. సమష్టి సృజన అని ఊరుకుంటే ఆ పనివాడు మరోసారి అనామకుడవుతాడు. బుర్రకథ మన ఉద్యమానికి ఆయువుపట్టు. నాజర్ పేరు మనందరికీ తెలుసు. ఆయన పక్కన హాస్యం చెప్పిన వంత, రాజకీయం చెప్పిన వంత పేర్లు మనలో ఎందరు చెప్పగలం? ఆ ముగ్గురి మధ్య నడిచిన సంభాషణే కదా కథ!

ఆ విద్యార్థిని మళ్లీ కనిపిస్తే చెప్పాలనుకుంటున్న సమాధానం ఇది. అమ్మా, రచయిత పేరు తీసేయనక్కరలేదు. దాని పక్కన లేని పేర్లేవో వెతుకు. కథను సగానికి కోసి నిలబెట్టిన సంపాదకుడెవరు, పాట వరస మార్చిన దళ సభ్యుడెవరు, ప్రతి శుభ్రంగా రాసిపెట్టిన ఇల్లాలెవరు అని అడుగు. ఎవరి పని ఏమిటో, ఎవరికి పేరు దక్కిందో, ఎవరికి కూలి మాత్రం దక్కిందో విడదీసి రాయి. నువ్వు రాయబోయే సాహిత్య చరిత్రలో మొదటి అధ్యాయం అదే కావాలి.