దస్తావేజుకు పూల అంచు

యూదుల పెళ్లిలో వరుడు వధువుకు ఇచ్చే ఒప్పంద పత్రం పేరు కెతుబ్బా. తిండి, బట్ట, కాపురం తన పూచీ అనీ, విడాకులైనా తాను పోయినా ఆమెకు ఇంత సొమ్ము చెల్లాలనీ అరమాయిక్ భాషలో రాయిస్తాడు. కన్యకు కనీసం 200 జూజులు (పాతకాలపు వెండి నాణేలు), వితంతువుకు 100. ఇంత పక్కా దస్తావేజు మీదికి పూలూ పక్షులూ ఎలా ఎక్కాయి?

స్పెయిన్‌లో దీనికి కారణం అందం కాదు, అనుమానం. 1391లో యూదులపై జరిగిన మారణకాండ తర్వాత మయోర్కా దీవి వదిలి అల్జీర్స్ చేరిన రబ్బీ షిమోన్ బెన్ సెమా దురాన్ ఈ ఆచారాన్ని ప్రస్తావించాడు: ఖాళీ జాగాలో ఎవరూ కొత్త షరతులు ఇరికించకుండా అంచులను బైబిల్ వాక్యాలతో, అలంకరణతో నింపేవారట. ప్రోనోటులో అంకె పక్కన ‘మాత్రమే’ అని రాసి గీత కొట్టడం లాంటిదే. 1300లో తుదేలాలో రాసిన అలంకృత పత్రం ఒకటి నేటికీ నిలిచి ఉంది.

1492లో స్పెయిన్ యూదులకు దేశబహిష్కారం. వెళ్లినవాళ్లు వెళ్లినచోటికల్లా ఈ అలవాటును మోసుకెళ్లారు. ఇటలీలో అది విప్పారింది. వెనిస్, అంకోనా, లివోర్నోల్లో తోలుపత్రాల మీద రాశిచక్రాలు, కుటుంబ చిహ్నాలు, బైబిల్ ఘట్టాలు వెలిశాయి. వరుడి పేరు ఇస్సాకు అయితే బైబిల్లోని ఇస్సాకును బలిపీఠం ఎక్కించిన దృశ్యం వేసేవారు; పెళ్లికి అదేం శకునమో! లివోర్నోలోని సెఫార్దీ (స్పెయిన్, పోర్చుగల్ మూలాల యూదు) వర్తకులు మధ్యధరా పగడాలు గోవాకు పంపి వజ్రాలు తెప్పించుకునేవారు. ఆ రోజుల్లో వజ్రాల గనులకు పేరు మన గోల్కొండ రాజ్యానిదే. అలాంటి సంపన్నుల ఆడంబరం శ్రుతి మించి, 18వ శతాబ్దంలో కెతుబ్బా అలంకరణ ఖర్చుకు హద్దు పెడుతూ అంకోనా యూదు సంఘం కట్టుబాటు చేయాల్సి వచ్చింది.

ఆమ్‌స్టర్‌డామ్ దారి వేరు. 17వ శతాబ్దం నడిమికల్లా మాంటువా నుంచి వచ్చిన షాలోమ్ ఇటాలియా లాంటి కళాకారులు రాగిరేకు మీద అంచు చెక్కారు; దాన్ని అచ్చేసి, మధ్యలో పేర్లూ షరతులూ చేత్తో నింపేవారు. అందులో సౌకర్యం ఉంది కానీ, ఇటలీ పత్రాల చిలిపితనం లేదు. ఒట్టోమన్ నగరాల్లో మనిషి బొమ్మలు అరుదు, పూలే ఎక్కువ. బ్రిటిష్ ఏలుబడిలోని జిబ్రాల్టర్‌లో పత్రం నెత్తిన కిరీటమే వెలిసింది.

మొరాకోలో మాత్రం నా చూపు అంచు దాటి అక్షరాల మీదికి పోతుంది. స్పెయిన్ నుంచి వచ్చినవాళ్ల సంతతి శతాబ్దాల తర్వాత కూడా ‘కాస్తీలు నుంచి వెళ్లగొట్టబడినవారి ఆచారం ప్రకారం’ అని రాయించుకుంది. బహుభార్యత్వంపై ఉత్తర యూరప్ యూదుల నిషేధం సెఫార్దీలకు వర్తించలేదు. అందుకే భార్య సమ్మతి లేకుండా మరో పెళ్లి చేసుకోనన్న మాట వరుడి చేత అక్కడే, ఆ పూల నడుమే, రాయించేవారు.