వాహకతా మీటరు (చవక నమూనా)

వాహకతా మీటరు అనేది ద్రావణంలోని అయాన్లు విద్యుత్తును ఎంతమేరకు మోసుకుపోగలవో కొలిచే పరికరం. జర్మన్ భౌతికశాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ కోల్‌రౌష్ (1840–1910) ఏకాంతర విద్యుత్తును వాడి ఈ కొలతకు కచ్చితత్వం తెచ్చాడు. బ్యాటరీ కరెంటును నేరుగా పంపితే ఎలక్ట్రోడ్ల వద్ద అయాన్లు పేరుకుంటాయి, బుడగలు పుడతాయి, రీడింగు నిలవదు.

చవక నమూనాల్లో సుమారు 1 కిలోహెర్ట్జ్ సంకేతాన్ని 1972లో మార్కెట్లోకి వచ్చిన 555 టైమర్ చిప్పుతో పుట్టించవచ్చు. దాని తరంగం సున్నాకూ సరఫరా వోల్టేజీకీ మధ్యే ఊగుతుంది కాబట్టి, అందులోని ఏకముఖ భాగాన్ని ఆపడానికి శ్రేణిలో ఒక కెపాసిటర్ తప్పనిసరి. ఎలక్ట్రోడ్లుగా ఖరీదైన ప్లాటినానికి బదులు స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు సరిపోతాయి. పాత టార్చి బ్యాటరీల కార్బన్ కడ్డీలూ పనిచేస్తాయి గానీ, వాటి సూక్ష్మరంధ్రాల్లో మునుపటి ద్రావణం మిగిలిపోయి తర్వాతి కొలతను చెడగొడుతుంది.

రీడింగును వాహకతగా మార్చే ఘట స్థిరాంకం కడ్డీల దూరం, వైశాల్యం మీద ఆధారపడుతుంది. దాన్ని ప్రామాణిక ద్రావణంతో నిర్ణయిస్తారు: 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 0.01 మోలార్ పొటాషియం క్లోరైడు వాహకత సెంటీమీటరుకు 1,413 మైక్రోసీమెన్‌లు. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే వాహకత సుమారు 2 శాతం పెరుగుతుంది. ఈ తేడాను సవరించడానికి ఉష్ణోగ్రతను పసిగట్టే థర్మిస్టరును జతచేస్తారు.

బోరు నీటి లవణీయత అంచనాకు మీటరు ఉపకరిస్తుంది. అయితే అది అయాన్ల మొత్తం ప్రభావాన్నే చూపుతుంది. ఉదాహరణకు, నల్గొండ ప్రాంత భూగర్భజలాల్లోని ఫ్లోరైడును అది విడిగా గుర్తించలేదు.