గిల్టు నగల పుట్టుపూర్వోత్తరాలు

అమ్మమ్మగారి కాసులపేరు యెవరికి చెందాలో మన యిళ్ళలో ముందే మాట జరిగిపోతుంది. ఆవిడ ప్రయాణాలకు వేసుకున్న చిలకలపూడి గొలుసు యేమయిందని మాత్రం యెవరూ అడగరు. యీ చిన్నచూపు మనకొక్కరికే వున్నది కాదు. యిరవయ్యవ శతాబ్దంలో అమెరికాలో లెక్కలేనన్ని గిల్టు నగలు తయారై, కొంతకాలం మెడలలో మెరిసి, ఆ తరువాత పాతసామాన్ల బుట్టల్లో దొర్లాయి. క్రమంగా కొందరు వాటిని యేరి, తిరగేసి చూడటం మొదలుపెట్టారు. నగకు అందం ముందువైపు వుంటే చరిత్ర వెనుకవైపు వుంటుందని వారు గ్రహించారు. నేడు వాటిలో కొన్నిటి ధర అసలు బంగారంతో పోటీ పడుతున్నది.

యీ విద్య కొత్తది కాదు. పద్దెనిమిదవ శతాబ్దంలోనే పారిస్‌లో జార్జి ఫ్రెడెరిక్ స్ట్రాస్ అనే నగల వర్తకుడు సీసం కలిపిన గాజురాళ్ళను వజ్రాలవలె మెరిపించాడు. ఫ్రెంచి, జర్మను భాషలలో యిప్పటికీ ఆ రాళ్ళకు ఆయన పేరే. అమెరికాలో ప్రావిడెన్స్ పట్టణం యీ పరిశ్రమకు రాజధాని అయింది. హీనలోహానికి బంగారు రేకు అతికి, రోలర్ల మధ్య పలచగా సాగదీసిన సరుకుకు యింగ్లీషులో వచ్చిన పేరే మన నోట రోల్డుగోల్డు అయింది. మనవాళ్ళు ఆ పేరును మెరుగు పెట్టిన ప్రతి వస్తువుకూ వుదారంగా యిచ్చేశారనుకోండి!

యీ నగల వెనుకవైపు కనిపించే పేర్లలో చాలాభాగం వలస వచ్చినవారివి. పుట్టినవూరు విడిచి పరాయిచోట సంసారం నిలబెట్టుకున్న మనవంటివారికి యిది విశేషంగా తోచక మానదు. గుస్తావో త్రిఫారి 1904లో నేపుల్స్ నుంచి న్యూయార్కు చేరాడు. తరువాత క్రస్‌మన్, ఫిషెల్ అనే భాగస్తులతో ఆయన నడిపిన సంస్థ యీ రంగంలో అగ్రస్థానానికి వచ్చింది. 1930లో అందులో చేరిన ఆల్‌ఫ్రెడ్ ఫిలిప్ అసలు వజ్రాల నగలకు నమూనాలు గీసిన చేయి. ఆ నేర్పునే ఆయన గాజురాళ్ళకు తెచ్చాడు. 1953 జనవరిలో ఐసెన్‌హోవర్ అధ్యక్షపదవి స్వీకరించిన రాత్రి ఆయన భార్య మేమీ త్రిఫారివారి కృత్రిమ ముత్యాల జత ధరించి విందునాట్యానికి వెళ్ళింది. దేశపు ప్రథమ మహిళే గిల్టు నగ పెట్టుకున్నాక యిక సామాన్య గృహిణికి సంకోచమెందుకు?

త్రిఫారి ముద్రలో టీ అక్షరం నెత్తిన చిన్న కిరీటం వుంటుంది. ముద్ర పక్కన వున్న గుర్తులు కూడా చదవాలి. 1942లో యుద్ధావసరాలకై కొన్ని లోహాల వాడకాన్ని ప్రభుత్వం కట్టడి చేయగా నగల పనివారు వెండిమీద బంగారు మెరుగు పెట్టి పని సాగించారు. అందుచేత ‘స్టెర్లింగ్’ అనే మాట వున్న గిల్టు బ్రోచి చాలావరకు యుద్ధకాలపుదో, ఆ తరువాతి కొద్ది యేండ్లదో అవుతుంది. పారదర్శకమైన లూసైట్ ప్లాస్టిక్కుతో పొట్ట చేసి, చుట్టూ వెండి బిగించిన జంతువుల బ్రోచీలు ఆనాటివే. సేకరణకారులు వాటికోసం పోట్లాడుతారు. 1955లో న్యూయార్కు ఫెడరల్ కోర్టు, త్రిఫారివారు వేసిన దావాలో, గిల్టు నగ నమూనాకు కూడా కళాసృష్టిగా కాపీరైటు వుండవచ్చునని తేల్చింది. నాటినుంచి పేరు పక్కన సున్నాలో సీ అక్షరం సాధారణమయింది. యింద్రధనుస్సు రంగులు తేలే పూత పూసిన రాళ్ళు కూడా 1950ల మధ్యలోనే వచ్చాయి. అటువంటి రాయి వున్న నగను యుద్ధకాలపుదని యెవరైనా అంటే, ఆ రాయి తరువాత మార్చి పెట్టినదైనా కావాలి, ఆ మాట అబద్ధమైనా కావాలి.

షికాగోలో ఐసెన్‌బర్గువారు మొదట దుస్తుల వ్యాపారులు. గౌనులకు అలంకారంగా రాళ్ళ క్లిప్పులు తగిలించి అమ్మేవారు. దుకాణాలలో గౌను వదిలేసి క్లిప్పు దొంగిలించేవారు యెక్కువై, చివరకు క్లిప్పులనే విడిగా అమ్మారని ఒక కథ వాడుకలో వున్నది.

ముద్ర లేనంత మాత్రాన నగను తీసిపారవేయరాదు. మిరియం హాస్కెల్ 1926లో న్యూయార్కు మెక్‌ఆల్పిన్ హోటలులో దుకాణం తెరిచింది. ఆమె సరుకుమీద 1940ల చివరివరకు సాధారణంగా పేరే లేదు. పనితనమే ఆనవాలు. వెనుక చిల్లులున్న యిత్తడి రేకు వుంటుంది. దానికి సన్నని తీగతో ఒక్కొక్క పూసా చేతితో కుట్టి వుంటుంది, జిగురుతో అంటించినది కాదు. పేరు చెక్కటం సులభం గనుక నకిలీకి కూడా నకిలీలు బయలుదేరాయి. తీగపని అంత సులభంగా చేతికి రాదు.

అమెరికా నగల్లో బిగించిన రాళ్ళూ పూసలూ యెందరివో బొహీమియానుంచి వచ్చేవి. అక్కడి గాబ్లంజు (నేటి చెక్ దేశపు యాబ్లొనెట్స్) చుట్టుపట్ల వూళ్ళలో యింటింటా గాజుపనే. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు మన దేశపు ఆడవారి చేతులకు యెక్కిన గాజుల్లో కూడా ఆ ప్రాంతపు సరుకు విస్తారంగా వుండేది. ఆ ప్రాంతంలో పుట్టిన డేనియల్ స్వరోవ్‌స్కీ 1892లో రాళ్ళు సానపట్టే యంత్రానికి పేటెంటు పొంది, 1895లో ఆస్ట్రియా కొండల్లోని వాటెన్స్‌కు తరలిపోయాడు. ఆయన పేరు లోకమంతా తెలుసు. తక్కిన పనివారి పేర్లు యే నగ వెనుకా లేవు. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక ఆ వూళ్ళలోని జర్మను భాషీయులను దేశంనుంచి వెళ్ళగొట్టారు. వారిలో అనేకులు 1946నుంచి బవేరియాలోని కౌఫ్‌బోయ్‌రెన్ పక్కన, పాడుబడ్డ పేలుడుమందుల ఫాక్టరీ స్థలంలో చేరి, మళ్ళీ పూసలు, రాళ్ళు, లోహపు అచ్చుల పని మొదలుపెట్టారు. ఆ పేటకు నోయ్‌గాబ్లంజు, అనగా కొత్త గాబ్లంజు, అని పేరు పెట్టుకున్నారు. వెనుక మిగిలిన పాత వూరిలో కూడా గాజుపని ఆగిపోలేదు.

మచిలీపట్నం పక్కని చిలకలపూడి నగల వెనుక పనివాని పేరు వెదికితే సాధారణంగా కనబడదు. గొలుసు చూసి యే యేటిదో చెప్పగల పెద్దవారు యింట్లో వుండగానే అడిగి తెలుసుకోవాలి. యెవరిది, యే వూళ్ళో కొన్నది, యే పెళ్ళికి వేసుకున్నది అని ఒక చీటీ రాసి డబ్బాలో పెడితే చాలు. పాత రాళ్ళ నగను మాత్రం నీళ్ళలో ముంచి కడగరాదు. రాయి వెనుక తళుకు రేకు వుంటుంది. తడి చేరితే నల్లబడుతుంది. మెత్తని పొడిగుడ్డతో తుడిచి, దేనికదే విడిగా దూదిలో చుట్టి వుంచాలి.