అక్షరానికి కొలత: ఫాంటు కొలతల ఫైళ్లను మార్చే ఉపకరణాల చరిత్ర

సీసపు అక్షరాల కాలంలో కంపోజిటర్‌కు అక్షరం వెడల్పు ఎంతో అంకెల్లో తెలియాల్సిన పని లేదు. దిమ్మె వెడల్పే అక్షరం వెడల్పు. స్టిక్కులో పేర్చుకుంటూ పోతే పంక్తి నిండిందీ లేనిదీ చేతికే తెలిసేది. కంప్యూటర్లో దిమ్మె లేదు కనుక ఆ వెడల్పును ఎక్కడో ఒకచోట అంకెగా రాసిపెట్టాలి. ఆ అంకెల ఫైళ్లను ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చే చిన్న చిన్న ప్రోగ్రాములు అచ్చుకూర్పు రంగంలో దాదాపు అర్ధశతాబ్దంగా పనిచేస్తున్నాయి. తెర మీద బొమ్మా మీటా ఉండదు. కమాండు టైపు చేస్తే ఒక ఫైలు తీసుకుని ఇంకో ఫైలు ఇస్తాయి.

1977లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు డొనాల్డ్ క్నూత్, తన గ్రంథం రెండో సంపుటం ప్రూఫులు నచ్చక, టెక్ అనే కూర్పు ప్రోగ్రాం మొదలుపెట్టాడు. అందులో కీలకమైన నిర్ణయం ఒకటుంది: టెక్ అక్షరాల ఆకారాన్ని చూడదు. ప్రతి అక్షరం వెడల్పు, ఎత్తు, లోతు, ఏ రెండక్షరాలు దగ్గరికి జరగాలి, ఏవి కలిసి ఒకటి కావాలి అన్నవి తెలిస్తే దానికి చాలు. ఆకారం గీయడం ప్రింటరుకు పంపే ప్రోగ్రాం పని. ఈ కొలతలకు లైల్ రామ్‌షా 1980లో రూపొందించిన ఫైలు అమరికే టీఎఫ్ఎం. మెమరీ కరువైన రోజులవి. అందుకే ఫాంటుకు 256 అక్షరాలు, సున్నాను కలుపుకుని 16 రకాల ఎత్తులు, 16 రకాల లోతులు మాత్రమే అని హద్దులు పెట్టారు. క్నూత్ ప్రధాన ఫాంటు కంప్యూటర్ మోడర్న్ రోమన్ కొలతలన్నీ దాదాపు 1,300 బైట్లలో ఇమిడిపోయాయి.

అయితే అది యంత్రం చదివే ఫైలు. మనిషి తెరిచి చూస్తే ఏమీ అర్థం కాదు. ఆ ఇబ్బంది తీర్చడానికి పుట్టిన జంట ప్రోగ్రాములే టీఎఫ్‌టుపీఎల్, పీఎల్‌టుటీఎఫ్. మొదటిదాని తొలి రూపాన్ని లియో గీబాస్ రాశాడు. అది టీఎఫ్ఎంను పీఎల్ అనే చదవగలిగే జాబితాగా విప్పుతుంది. రెండోది ఆ జాబితాను మళ్లీ టీఎఫ్ఎంగా కుదిస్తుంది. కంప్యూటర్ మోడర్న్ రోమన్ జాబితా తెరిస్తే పెద్ద ‘ఏ’ పక్కన ‘వి’ వచ్చినప్పుడు ఫాంటు పరిమాణంలో 0.111112 వంతు వెనక్కి జరగాలని కనిపిస్తుంది. నచ్చకపోతే ఆ అంకె దిద్ది మళ్లీ కుదించుకోవచ్చు. ఎత్తుల రకాలు హద్దు దాటితే పీఎల్‌టుటీఎఫ్ వాటిని దగ్గరి విలువలకు సర్దేస్తుంది.

1980ల నడుమ అడోబీ కంపెనీ పేజీ వర్ణన భాష పోస్ట్‌స్క్రిప్టు, దానితోపాటు లేజర్ ప్రింటర్లు వచ్చాయి. అడోబీ కొలతల ఫైలు ఏఎఫ్ఎం మొదటినుంచీ చదవగలిగే పాఠమే. అందులో అక్షరం చదరాన్ని వెయ్యి భాగాలుగా లెక్కిస్తారు. టైమ్స్ రోమన్ పెద్ద ‘ఏ’ వెడల్పు 722. వెయ్యితో భాగిస్తే టెక్‌కు కావలసిన అంకె వచ్చేస్తుంది. చిక్కంతా అక్షరాల స్థానాల దగ్గర వచ్చింది. ఏ సంఖ్యకు ఏ అక్షరం అన్న విషయంలో టెక్ పట్టిక వేరు, అడోబీ పట్టిక వేరు. టెక్ ఫలితాన్ని పోస్ట్‌స్క్రిప్టుగా మార్చే టొమాస్ రొకికీ ప్రోగ్రాం డీవిప్స్‌తోపాటు వచ్చిన ఏఎఫ్‌ఎం2టీఎఫ్‌ఎం ఈ రెంటినీ కలిపింది. అందుకు తోడ్పడింది క్నూత్ ప్రవేశపెట్టిన మిథ్యా ఫాంటు. దానిలో సొంత అక్షరాలు ఉండవు. ఈ సంఖ్య వస్తే ఫలానా ఫాంటులోని ఫలానా అక్షరం తెచ్చి ఇక్కడ పెట్టు అనే ఆదేశాలే ఉంటాయి.

1990లో ఐర్లండులోని కార్క్ నగరంలో జరిగిన టెక్ వాడుకరుల సమావేశం ఐరోపా భాషలకు 256 స్థానాల ఉమ్మడి పట్టికను ఖాయం చేసింది. దానికి తగ్గట్టు పాత ఫాంటులన్నిటినీ మార్చాలి. ఆ పనికి అలన్ జెఫ్రీ ఫాంట్‌ఇన్‌స్ట్ రాశాడు. విశేషమేమిటంటే అది టెక్ భాషలోనే రాసిన మాక్రోల కట్ట. డాస్ యంత్రాల్లో ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు మించకూడదు కనుక కార్ల్ బెర్రీ పేర్ల పద్ధతి వచ్చింది. అందులో ‘పీటీఎంఆర్8టీ’ అంటే అడోబీ, టైమ్స్, మామూలు రకం, కార్క్ పట్టిక.

తెలుగు కూడా ఈ హద్దులను ఎదుర్కొంది. 1990ల తొలినాళ్లలోనే అమెరికాలోని తెలుగువారు అక్షరాలు గీసే ప్రోగ్రాం మెటాఫాంట్‌తో తెలుగు అక్షరాలు గీసి తెలుగుటెక్ తయారుచేశారు. కానీ టీఎఫ్ఎంకు తెలిసింది పంక్తిలో పక్కపక్కనున్న అక్షరాల సంబంధమే. ‘రాష్ట్రం’లో ‘ష’ కింద చేరే రెండు ఒత్తుల సంగతి దానికి తెలియదు. అందుకే అప్పటి భారతీయ భాషల కూర్పులో, పాఠం టెక్‌కు చేరేముందు, మరో ప్రోగ్రాం దాన్ని ముక్కలుగా విడదీసి పేర్చాల్సి వచ్చేది. కొలతల ఫైలు చేయలేని పనిని మరొకరు మోయాల్సి వచ్చిందన్నమాట.

1996లో మైక్రోసాఫ్ట్, అడోబీ ప్రకటించిన ఓపెన్‌టైప్ ఆ భారాన్ని ఫాంటులోకే తెచ్చింది. ఆకారం, కొలత, ఒత్తు ఎక్కడ కూర్చోవాలన్న నియమం, అన్నీ ఒకే ఫైలులో. దీన్ని పాత టెక్‌కు అందించడానికి ఎడీ కోలర్ ఓటీఎఫ్‌టుటీఎఫ్ఎం రాశాడు. ఇంతలో 2004లో జోనథన్ క్యూ విడుదల చేసిన జీటెక్, ఆ తర్వాత లువాటెక్, ఓపెన్‌టైప్ ఫాంటును నేరుగా చదవసాగాయి. తెలుగు పుస్తకం కూర్చుకునేవారికి మార్పిడి అవసరమే పోయింది. 2023 జనవరిలో అడోబీ ఏఎఫ్ఎం కొలతలతో వచ్చే తన పాత టైప్ 1 ఫాంటులకు మద్దతు మానేయడంతో ఏఎఫ్ఎం కాలం కూడా దాదాపు ముగిసింది.

ఈ చరిత్రలో రెండు తెగల ఉపకరణాలున్నాయి. ఒక అమరికను ఇంకో అమరికకు అతికించినవి కొన్ని. ఆ రెండింటిలో ఒకటి పాతబడగానే వాటికి పని తగ్గింది. మూసి ఉన్న ఫైలును మనిషి చదివేలా విప్పినవి మరికొన్ని, అవి నిలిచాయి. టీఎఫ్‌టుపీఎల్ నేటికీ టెక్ పంపిణీ టెక్‌లైవ్‌తో వస్తోంది. ఓపెన్‌టైప్ ఫైలును ఎక్స్ఎంఎల్ పాఠంగా విప్పి, తిరిగి ఫాంటుగా కూర్చే టీటీఎక్స్ కూడా ఆ పాత జంట చేసిన పనే చేస్తోంది. జస్ట్ వాన్ రోసమ్ మొదలుపెట్టిన ఫాంట్‌టూల్స్‌లో భాగమది. తెలుగు ఫాంటులు చేసేవారు, వాడేవారు టీటీఎక్స్ నేర్చుకోవడం మంచిది. ఒత్తు తప్పిన చోట తప్పు ఎవరిదో ఊహించనక్కర్లేదు. ఫాంటు విప్పి అంకె చూసి తేల్చుకోవచ్చు.